టెయిల్ ఊగుతోందా? గెయిన్ ముట్టుకునే ముందు లింక్ ఊడదీయండి

ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) హెలికాప్టర్ తోక నిలవట్లేదంటే అందరి చేయీ ముందు గైరో గెయిన్ మీదికే పోతుంది. గైరో అంటే తోకను నిలిపే సెన్సర్, గెయిన్ అంటే అది ఎంత గట్టిగా సర్దాలన్న సెట్టింగ్. నిజానికి అది చివర్లో చేసే పని. ముందు బ్యాటరీ తీసేసి, టెయిల్ సర్వో (తోకను నడిపే చిన్న మోటార్) ఆర్మ్ దగ్గర బాల్ లింక్ (చిన్న గుండు మీద బిగిసే కీలు) ఊడదీయండి. పుష్‌రాడ్‌ను (సర్వో నుంచి తోకకు పోయే కడ్డీని) రెండు వేళ్లతో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా జరపండి. ఎక్కడా పట్టినట్టు అనిపించకూడదు. పట్టిందంటే బాల్ లింక్ బిగుతుగా ఉందో, బూమ్ (తోక గొట్టం) మీది గైడ్లు ఒకే గీతలో లేవో, స్లైడర్‌లో (జరుగుతూ టెయిల్ బ్లేడ్ల కోణం మార్చే ముక్కలో) మట్టి చేరిందో చూడండి. నిమిషం కూడా పట్టని ఈ పని వదిలేసి, గైరో పాడైందని తీర్మానించేవాళ్లే ఎక్కువ.

లేపబోతే గిర్రున తిరిగిపోతోంది

గైరో రివర్స్‌లో ఉంది. మోటార్ వైర్లు విప్పి, కుడి రడ్డర్ ఇచ్చి స్లైడర్ ఎటు జరిగిందో గుర్తుపెట్టుకోండి. స్టిక్ వదిలేసి, హెలీ ముక్కును చేత్తో చటుక్కున ఎడమకు తిప్పండి. స్లైడర్ ఇందాకటి వైపే జరగాలి. జరగకపోతే గైరో సెట్టింగ్‌లో దిశ మార్చండి, ట్రాన్స్‌మిటర్‌లో కాదు. అసలు కుడి రడ్డర్ ముక్కును కుడికే తిప్పుతోందా అన్నది దీనికన్నా ముందే తేల్చుకోవాలి. కుడి ఇచ్చినప్పుడు టెయిల్ బ్లేడ్లు గాలిని కుడివైపుకు తోయాలి, అప్పుడే తోక ఎడమకు పోతుంది.

ఒక పక్కకు మెల్లగా జారుతోంది

హెడింగ్ హోల్డ్‌లో (గైరో ముక్కు దిశను పట్టి ఉంచే మోడ్‌లో) ట్రిమ్ (ట్రాన్స్‌మిటర్‌లో స్టిక్ నడిమి స్థానాన్ని కాస్త జరిపే మీట) వాడారేమో చూడండి. ఆ మోడ్‌లో గైరోకి ట్రిమ్ అంటే "తిరుగు" అన్న ఆజ్ఞే. సున్నాకి తెచ్చేయండి. బ్యాటరీ పెట్టాక గైరో సిద్ధమయ్యేలోపు హెలీని కదిపినా ఇదే జరుగుతుంది.

తర్వాత రేట్ మోడ్‌లోకి (గైరో దిశ పట్టి ఉంచకుండా, తిరుగుడును మాత్రమే అదిమే మోడ్‌లోకి) వెళ్లి, సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కి 90 డిగ్రీల్లో ఉండగా హోవర్ చేయండి, అంటే గాల్లో ఒకేచోట నిలపండి. తోక ఎటు పోతుందో చూసి రాడ్ పొడవు మార్చుకోవాలి. టెయిల్ బ్లేడ్లను సున్నా పిచ్‌లో (కోణంలో) పెట్టి "సెంటర్ చేశాం" అనేవాళ్లున్నారు. మెయిన్ రోటర్ టార్క్‌ని ఆపడానికి టెయిల్‌కి హోవర్‌లోనే కొన్ని డిగ్రీల పిచ్ కావాలి.

గజగజ వణుకుతోంది

ఇది మాత్రం గెయిన్ ఎక్కువైతే వచ్చేదే. కొంచెం కొంచెంగా తగ్గించండి. బాగా తగ్గించినా వణుకు పోకపోతే సర్వో ఆర్మ్‌పై బాల్‌ను ఒక రంధ్రం లోపలికి మార్చండి.

మెల్లగా, ఒక లెక్కంటూ లేకుండా ఊగుతోంది

అసలు తలనొప్పి ఇక్కడే. తోక కొన్ని డిగ్రీలు పక్కకు పోతుంది, కాసేపు అక్కడే ఆగుతుంది, చటుక్కున వెనక్కి వస్తుంది. గెయిన్ తగ్గిస్తే ఇంకా జారుతుంది, పెంచితే వణుకు మొదలవుతుంది. రెంటికీ మధ్య కుదిరే అంకె దొరకదు. బల్ల మీద చూస్తే స్లైడర్ వెన్నలా కదులుతుంది. గైరో మార్చి, సర్వో మార్చి, అప్పటికీ తగ్గక నా దగ్గరికి తెచ్చిన హెలీలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం టెయిల్ గ్రిప్‌లోని (టెయిల్ బ్లేడును పట్టుకునే ముక్కలోని) థ్రస్ట్ బేరింగ్ దగ్గరే తేలాయి.

టెయిల్ తిరుగుతున్నప్పుడు అపకేంద్ర బలం బ్లేడునీ గ్రిప్‌నీ బయటికి లాగుతుంది. ఆ లాగుడంతా థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. అది సరిగ్గా లేకపోతే గ్రిప్ పిచ్ మారనని మొరాయిస్తుంది. సర్వో తోస్తూనే ఉంటుంది, ఒక్కసారిగా వదులుతుంది, తోక గెంతుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ బరువు లేదు కాబట్టి చేతికి ఏమీ తెలియదు.

పట్టుకునే దారి ఇదీ: లింక్ ఊడదీసి, ఒక చేత్తో హబ్ (గ్రిప్‌లు బిగించే నడిమి ముక్క) కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో గ్రిప్‌ను గట్టిగా బయటికి లాగుతూ అటూ ఇటూ తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగరలాడినా, మెట్లుమెట్లుగా కదిలినా దొంగ దొరికినట్టే. రెండో గ్రిప్‌కీ అలాగే చేసి పోల్చండి.

విప్పితే బేరింగ్‌లో రెండు వాషర్లు కనిపిస్తాయి. చూపుకి కవలల్లా ఉంటాయి గానీ ఒకదాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దది. స్పిండిల్‌కో (గ్రిప్ తిరిగే ఇరుసుకో) స్క్రూకో తొడిగి ఊపితే ఒకటి వదులుగా ఆడుతుంది. ఆ వదులుది హబ్ వైపు, బిగుతుది బయట స్క్రూ తల వైపు రావాలి. తారుమారైతే గ్రిప్‌తో పాటు తిరగాల్సిన వాషర్ స్పిండిల్‌ను పట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో బిగించి వచ్చిందని నమ్మకండి, విప్పి చూడండి. బంతుల మీద గుంటలు పడితే బేరింగ్ మార్చేయాల్సిందే, గ్రీజు రాస్తే బాగుపడదు. బాగుంటే శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, స్క్రూకి థ్రెడ్ లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయండి. ఎక్కువైతే బేరింగ్‌లోకి కారి, మళ్లీ మొదటికే వస్తుంది. బిగించాక ఇందాకటి లాగుడు పరీక్ష ఇంకోసారి చేయండి. కొన్ని చిన్న హెలీల్లో ఈ బేరింగే ఉండదు. వాటికి స్క్రూ అతిగా బిగిసిందేమో చూస్తే చాలు.

మిగతావి అరుదు. సర్వో ఒక కొసకు పోయి కూర్చుంటే గైరోలో 1520, 760 మైక్రోసెకన్ల పల్స్ (సర్వోకి పంపే సిగ్నల్) సెట్టింగ్ తారుమారై ఉంటుంది. అనలాగ్ సర్వోకి 333 హెర్ట్జ్ (సెకనుకు 333 పల్స్‌లు) పెడితే కాలిపోతుంది. మెయిన్ రోటర్‌కి గట్టిగా పిచ్ ఇచ్చినప్పుడే తోక వదిలేస్తే బెల్ట్ వదులైందేమో, హెడ్ స్పీడ్ (మెయిన్ రోటర్ తిరిగే వేగం) తక్కువుందేమో చూడండి. షాఫ్ట్ వంగితే అది తిరిగేటప్పుడు కంటికే కనబడుతుంది.