ఈగల్ లేక్ రన్‌కి చేతి మీద నంబర్లు

అమెరికాలో మెయిన్ రాష్ట్రం వైపు వెళ్ళి అకేడియా నేషనల్ పార్క్‌లో రన్నింగ్ చేసేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. అక్కడ చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ఓపెన్ కాదు, దారులు చీలిన ప్రతిచోటా ఆగిపోవాల్సొస్తుంది. క్యారేజ్ రోడ్లు, అంటే ఒకప్పుడు గుర్రబ్బండ్ల కోసం వేసిన దారులు, కలిసే చోట్ల స్తంభాల మీద నంబర్లుంటాయి, అందుకని రూమ్‌లోనే పార్క్ మ్యాప్ చూసి మన రూట్‌లో వచ్చే నంబర్లు వరసగా ఒక తెల్ల మెడికల్ టేప్ ముక్క మీద బాల్‌పెన్‌తో రాసి మణికట్టుకి చుట్టుకోండి, ఉత్త చేతి మీద రాస్తే చెమటకి చెరిగిపోతుంది. ఈగల్ లేక్ చుట్టూ దాదాపు 6 మైళ్ళు, కంకరపొడి దారి, చెట్ల సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, ఎంత బాగుంటుందో! కాకపోతే పక్కనుండే హైకింగ్ కాలిబాటల్లోకి దిగితే ఈ నంబర్లు పనికిరావు. వసంతంలో మంచు కరిగి బురదైనప్పుడు క్యారేజ్ రోడ్లే మూసేస్తారు, ముందే చూసుకుని వెళ్ళండి.