కాంక్రీటు పోసే ముందు రోజు ఏం చూడాలి: భుజ్ భూకంపం నేర్పినవి

2001 జనవరి 26 ఉదయం 8:46కి గుజరాత్‌లోని కచ్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. భుజ్, అంజార్, భచావు, రాపర్ దారుణంగా దెబ్బతిన్నాయి. అవి భూకంప కేంద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్లు. మరి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు ఎందుకు కూలాయి? అదే నగరంలో ఎన్నో బిల్డింగులు చెక్కుచెదరకుండా నిలబడ్డాయి కూడా. ఇల్లు కట్టించే ప్రతి ఒక్కరూ ఆ తేడా తెలుసుకోవాలి.

అక్కడ కూలిన చాలావాటిలో కింద పార్కింగ్ కోసం ఒట్టి పిల్లర్లే ఉన్నాయి, పైన ప్రతి అంతస్తులోనూ ఇటుక గోడలు. గోడలున్న పైభాగం పెట్టెలా బిగుసుకుని కదులుతుంది, ఆ ఊపంతా కింది పిల్లర్లే మోయాలి, అవి విరిగితే పైదంతా ఒక్కసారిగా కిందికి కూర్చుంటుంది. పార్కింగ్ వద్దని కాదు. పునాది నుంచి పైదాకా రెండు దిశల్లోనూ సమానంగా వచ్చేలా కొన్ని కాంక్రీటు గోడలు, అంటే షియర్ వాల్స్, పెట్టమని ఇంజినీరును అడగండి. పై అంతస్తులో గది పెద్దది కావాలని పిల్లర్‌ను బీమ్ మీద లేపడం మాత్రం అస్సలు ఒప్పుకోకండి. పిల్లర్ పునాది దాకా దిగాల్సిందే.

ఇక రింగులు, అంటే పిల్లర్ నిలువు కడ్డీల చుట్టూ అడ్డంగా కట్టే ఇనుప చుట్లు. ఎక్కువమంది పట్టించుకోనిదీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. భూకంపంలో ముందు పిల్లర్ పైపొర కాంక్రీటు రాలిపోతుంది. రింగు కొసలను 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే అప్పుడవి విచ్చుకుంటాయి, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు పిండైపోతుంది. అదే కొసలను 135 డిగ్రీలకు, లోపలి కాంక్రీటులోకి వంచితే రింగు విడిపోదు. వంపు తర్వాత కొస కనీసం 65 మి.మీ. ఉండాలని భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 చెబుతోంది. పిల్లర్ పైనా కిందా కనీసం ఒకటిన్నర అడుగు మేర రింగుల మధ్య దూరం 100 మి.మీ. దాటకూడదు. పిల్లర్ సైజునూ కడ్డీ సైజునూ బట్టి ఇంకా దగ్గరగా రావచ్చు, అది డ్రాయింగ్‌లో ఉంటుంది. బీమ్, పిల్లర్ కలిసేచోట కడ్డీలు ఇరుకుగా ఉంటాయని బార్ బెండర్లు రింగులు వేయకుండా వదిలేస్తుంటారు, అక్కడే గట్టిగా పట్టుబట్టండి. ఇదంతా చేయడానికి అదనంగా పట్టేది కొంచెం ఇనుము, కొంచెం ఓపిక. ఇంత చిన్న పని చేయనందుకు మనుషులు పోతున్నారంటే నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

ల్యాప్, అంటే కింది కడ్డీ పక్కనే పై కడ్డీని పెట్టి కలిపి కట్టే చోటు, దాని సంగతి కూడా చూడాలి. కడ్డీలను సరిగ్గా స్లాబ్ మీదే అతికించడం అందరికీ అలవాటు, కానీ పిల్లర్‌కు ఎక్కువ దెబ్బ తగిలేదీ అక్కడే. ల్యాప్ పిల్లర్ ఎత్తులో మధ్య సగంలో రావాలి.

కాంక్రీటు జారుగా ఉంటే పని తేలికని మేస్త్రి నీళ్లు పోయబోతే ఆపండి, బలం తగ్గిపోతుంది.

పిల్లర్లు లేకుండా గోడల మీద కట్టే ఇళ్లకు వేరే జాగ్రత్తలున్నాయి. కచ్ పల్లెల్లోనూ, 1993 భూకంపంలో మహారాష్ట్రలోని లాతూర్ దగ్గర కిల్లారిలోనూ ఎక్కువగా పడింది మట్టితో కట్టిన మందపాటి రాతి గోడలే. గోడ లోపలి వరస, బయటి వరస దేనికది విడిపోయింది. అందుకే రెండు వరసలనూ కలుపుతూ అడ్డంగా పొడవైన రాళ్లు వేయాలి. పునాది పైన, తలుపుల పైన లింటెల్ ఎత్తులో, కప్పు కింద ఇంటి చుట్టూ ఎక్కడా తెగని కాంక్రీటు పట్టీలు వేయాలి. తలుపుల మీద ముక్కలు ముక్కలుగా వేసే లింటెల్ ఈ పని చేయదు. కిటికీలను మూలలకు కనీసం రెండడుగులు ఎడంగా పెట్టండి.

రింగులు కట్టడం అయ్యాక, సెంట్రింగ్ బిగించక ముందే ప్రతి జాయింట్‌నూ ఫోన్‌లో ఫోటో తీసి ఇంజినీరుకు పంపండి. మిక్సర్ వచ్చి నిలబడినా, మేస్త్రి తొందరపెట్టినా సరే, ఇంజినీరు వచ్చి చూసి సరేనన్నాకే కాంక్రీటు పోయించండి.