మైన్‌ప్రూఫ్ వాహనం: హల్ చెక్కుచెదరకపోయినా లోపలి మనిషి ఎందుకు దెబ్బతింటాడు? (సమస్య - పరిష్కారం)

మందుపాతర నుంచి వాహనాన్ని కాపాడేది మందపాటి ఉక్కు ఒక్కటే కాదు. నేల నుంచి ఎత్తు, అడుగున ఇంగ్లిష్ వి (V) ఆకారపు హల్ (వాహనం ఉక్కు శరీరం), నేలకూ హల్‌కూ మధ్య ఖాళీ, ఈ మూడూ కలిసే పనిచేస్తాయి. దూరం పెరిగేకొద్దీ పేలుడు ఒత్తిడి బాగా పడిపోతుంది. మిగిలిన ఒత్తిడి ఏటవాలు పలకల మీదుగా పక్కలకు జారిపోతుంది. దక్షిణాఫ్రికా వాళ్ల కాస్పిర్ అనే మైన్‌ప్రూఫ్ వాహనంలో ఆ ఖాళీ సుమారు 41 సెంటీమీటర్లు. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీకి సమానమైన పేలుడును, హల్ కింద అయితే 14 కిలోలను తట్టుకునేలా దాన్ని రూపొందించారు. చక్రం హల్‌కు దూరంగా ఉంటుంది కాబట్టే ఆ తేడా. కింద చెప్పే లోపాల్లో ఎక్కువ భాగం ఈ అమరికను తరవాత ఎవరో చెడగొట్టడం వల్ల వచ్చేవే.

హల్ చీలలేదు, కానీ లోపలివాళ్లకు వెన్ను, మడమ గాయాలు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. పేలుడుకు వాహనం మొత్తం ఒక్కసారిగా పైకి లేస్తుంది. సీటును నేలకు బోల్టు చేసి ఉంటే ఆ కుదుపు నేరుగా వెన్నెముకకు చేరుతుంది. పాదాలు నేలకు ఆని ఉంటే మడమ, కాలి ఎముకలు విరుగుతాయి. బెల్టు లేనివాళ్ల తల పైకప్పుకు కొట్టుకుంటుంది. తరవాత వాహనం కింద పడేటప్పుడు రెండో దెబ్బ.

సీట్లు నేలకు కాకుండా పక్క గోడకో పైకప్పుకో వేలాడాలి. బెల్టు నాలుగు చోట్ల బిగించే రకం ఉండాలి. ఎంత తక్కువ దూరం వెళ్లినా అందరూ కట్టుకోవాలి, తలకు హెల్మెట్ ఉండాలి. కాళ్లు పెట్టుకునే పట్టీ కూడా సీటుకే బిగించాలి. కుదుపును పీల్చుకునే సీటు ఆ క్షణంలో కిందికి జరగాలి, కాబట్టి దాని కింద ఏమీ పెట్టకూడదు. నీళ్ల డబ్బాలు, తూటాల పెట్టెలు అక్కడే తోసేయడం చాలాచోట్ల అలవాటు. దాంతో సీటు పెట్టెకు ఆని గట్టి బల్లలా మారిపోతుంది. ఒకసారి కిందికి దిగిన సీటు చూడ్డానికి బాగున్నా మార్చేయాలి. జాకీ, అగ్నిమాపక సిలిండర్ లాంటి బరువులను పట్టీలతో బిగించాలి. వదులుగా ఉన్న వస్తువు ఏదైనా ఆ క్షణంలో ప్రాణం తీయగలదు.

హల్ అడుగున కొత్తగా బిగించిన పెట్టె, బ్రాకెట్

స్పేర్ సామాను పెట్టుకోవడానికి ఎవరో వెల్డ్ చేసి ఉంటారు. అడ్డంగా ఉన్న చదునైన భాగం పేలుడు గాలిని పక్కలకు పోనివ్వదు, పైగా తానే ఊడి హల్‌కు తగులుతుంది. తీసేయాలి. వి పలకలకు గట్టిపడిన బురదను కూడా గీకేయాలి, లేకపోతే కింద ఉన్న పగులు కనిపించదు.

మరమ్మతు తరవాత వెల్డ్ పక్కన సన్నటి పగుళ్లు

రెండు కారణాలు. ఒకటి, తేమ పట్టిన మామూలు ఎలక్ట్రోడ్. దాని హైడ్రోజన్ ఉక్కులోకి చేరి, వెల్డ్ చేసిన కొన్ని గంటలకో మర్నాటికో పగులు తెస్తుంది. రెండు, అతి వేడి. 500 బ్రినెల్ (గట్టిదనాన్ని కొలిచే అంకె) తరగతి కవచ ఉక్కు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే గట్టిదనం కోల్పోవడం మొదలవుతుంది. గ్యాస్ మంటతో వేడిచేసి వంగిన పలకను సరిచేశారంటే అక్కడ కవచం పోయినట్టే.

తయారీదారు చెప్పిన తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌నో ఆస్టెనిటిక్ అనే రకం స్టెయిన్‌లెస్ ఎలక్ట్రోడ్‌నో వాడాలి. తక్కువ హైడ్రోజన్ రకాన్ని ఓవెన్‌లో ఆరబెట్టాకే తీయాలి. వెల్డ్ వరసల మధ్య ఉష్ణోగ్రత కొలవాలి. పని అయ్యాక కనీసం ఒక రోజు ఆగి డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) పరీక్షించాలి. అదే రోజు చూసి సరే అనుకోవడం ప్రమాదం.

మలుపులో, రోడ్డు అంచున ఒరిగిపోవడం

ఎత్తు ఇచ్చే రక్షణకు ఇది మూల్యం. గరిమనాభి పైన ఉంటుంది. పైకప్పు మీద సామాను, ఇసుక బస్తాలు వేస్తే ఇంకా పైకి పోతుంది. బరువును కిందికి తేవాలి, మలుపుకు ముందే వేగం తగ్గించాలి, వాన తడిసిన మట్టి అంచుకు, కాలవ గట్టుకు దూరంగా నడపాలి. దారి మారడానికి స్టీరింగ్‌ను గట్టిగా తిప్పవద్దు.

బ్రేకులు వేడెక్కడం, స్ప్రింగులు కుంగడం

కవచం పలకలు అదనంగా తగిలించి యాక్సిల్ పరిమితి దాటి ఉంటారు. వాహనాన్ని తూకం వేయించి, ఒక్కో యాక్సిల్ మీద బరువును విడిగా చూడాలి. స్ప్రింగు కుంగితే నేల ఖాళీ తగ్గుతుంది, అంటే రక్షణ కూడా తగ్గుతుంది.

కిటికీ అద్దం అంచుల్లో పాలలాంటి మచ్చ, బుడగలు

కలిపి అతికించిన అద్దం పొరలు విడిపోతున్నాయి. కారణం ఎండ, అంచు సీలు దాటిన తేమ, లోపలి పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) పొరకు సరిపడని అమోనియా ద్రావకాలు. అతికించే మార్గం లేదు, అద్దం మార్చాలి. తుడవడానికి తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు.

పేలుడుకు చక్రం, యాక్సిల్ ఊడిపోవడం

ఇది లోపం కాదు. అవి ఊడిపోతూ కొంత శక్తిని తీసుకుపోతాయి. కాస్పిర్ లాంటి వాటిలో మామూలు లారీ భాగాలు వాడింది కూడా వాటిని త్వరగా మార్చడానికే. చుట్టుపక్కల రెండో మందుపాతర ఉండవచ్చు. అందుకే మంట, పొగ లాంటి తక్షణ ప్రమాదం లేకపోతే తలుపు తీసి నేల మీదకు దూకకూడదు. దిగక తప్పకపోతే వెనక నుంచి దిగి, వాహనం వచ్చిన చక్రాల జాడలోనే వెనక్కి నడవాలి. వర్క్‌షాపుకు చేర్చాక కొత్త యాక్సిల్ బిగించే ముందు హల్ వెల్డులన్నీ, సీటు బిగింపులు, తలుపు కీళ్లు పరీక్షించాలి. తలుపు చేత్తో తేలిగ్గా తెరుచుకోకపోతే హల్ మెలితిరిగినట్టు. దాన్ని తిరిగి పనిలోకి దింపకూడదు.