విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేసే హార్డ్ డిస్క్
విండోస్‌లో వాడిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని మ్యాక్‌కి పెడితే ఫైళ్లు తెరుచుకుంటాయి కానీ కొత్తవి ఎక్కవు. డిస్క్‌లో ఫైళ్లని అమర్చే విండోస్ పద్ధతి (ఫైల్ సిస్టమ్) అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌ని మ్యాక్ చదువుతుంది, రాయదు మరి. అందుకని డిస్క్ మొత్తాన్నీ ఫార్మాట్ చేయనక్కర్లేదు, ఒక ముక్క విడదీస్తే చాలు.

ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరేచోట కాపీ చేసుకోండి. విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. అక్కడ అంకె ఎంబీల్లో ఇవ్వాలి: 200 జీబీ కావాలంటే 204800. చాలామంది 200 అని కొట్టి, చిటికెడు జాగా వచ్చిందేమిటా అనుకుంటారు. నల్ల గీతతో కనిపించే ఖాళీ భాగం మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఎంచుకుని, ఫైల్ సిస్టమ్‌గా ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి. అలొకేషన్ యూనిట్ సైజు డీఫాల్ట్‌గానే ఉంచండి. ఫ్యాట్32 వద్దు, అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు.

ఈ ముక్కలో విండోస్, మ్యాక్ రెండూ రాస్తాయి. లైనక్స్‌లో కెర్నల్ 5.4 నుంచి ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ అందులోనే ఉంది. పాత డేటా ఎన్‌టీఎఫ్ఎస్ భాగంలో అలాగే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త: ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నలింగ్ లేదు, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకుని, మధ్యలో ఆగితే సరిచేసుకునే ఏర్పాటు లేదు. కాపీ అవుతుండగా కేబుల్ లాగేస్తే ఆ ఫైలే కాదు, ఫోల్డర్ మొత్తం పాడవ్వొచ్చు. ఎజెక్ట్ చేశాకే తీయండి. దీన్ని బదిలీకే వాడండి, ఉన్న ఒక్క కాపీని ఇందులో దాచొద్దు.