డార్ట్స్, పేక ఆటలు: నియమాలు నేర్చుకునే క్రమం

కొత్త ఆట నేర్చుకునేటప్పుడు మొదట తెలుసుకోవలసినది ఆ ఆట ఎలా ముగుస్తుందన్న సంగతి. నేర్పేవారు చాలామంది మనిషికి ఎన్ని ముక్కలు పంచాలి, బోర్డు మీద ఏ గడికి ఎన్ని పాయింట్లు అన్న వివరాలతో మొదలుపెడతారు. ఏ నియమం ఎందుకు ఉందో తెలియకుండా విన్న వివరాలు రెండు నిమిషాలు కూడా గుర్తుండవు. ఎవరు, ఏం చేస్తే గెలుస్తారో ముందు తెలుసుకుని, ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు ఆటగాడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుసుకుంటే ఆట మొదలుపెట్టవచ్చు. మిగిలిన చిన్న నియమాలు ఆడుతుండగా అవసరమైనప్పుడు ఎదురవుతాయి, అప్పుడు నేర్చుకున్నవే బాగా నిలుస్తాయి. డార్ట్స్‌కూ పేకకూ పైకి పోలిక లేకపోయినా, రెండింటినీ ఈ క్రమంలోనే నేర్చుకోవచ్చు.

డార్ట్స్ బోర్డు

బోర్డును మధ్యబిందువు నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తులో ఉండేలా, 20 అంకె సరిగ్గా పైన నిలిచేలా గోడకు తగిలించాలి. ఉక్కు మొన గల డార్టులతో ఆడేవారు బోర్డు ముఖం నుంచి 2.37 మీటర్ల దూరంలో నేల మీద గీత గీసుకుని, దాని వెనుక నిలబడి విసరాలి. పాదం గీత దాటకూడదు కానీ శరీరాన్ని ముందుకు వంచడంలో తప్పు లేదు. ఒకరు విసురుతున్నప్పుడు మిగిలినవారందరూ విసిరేవారి వెనుకే ఉండాలన్న నియమానికి మాత్రం ఏ మినహాయింపూ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు ఉన్నచోట.

బోర్డు ఇరవై భాగాలుగా చీలి ఉంటుంది. ఒక్కో భాగంలో వెడల్పుగా కనిపించే చోట గుచ్చుకుంటే ఆ అంకె ఎంతో అన్ని పాయింట్లు, అన్నిటికంటే బయట ఉన్న సన్నని వలయంలో గుచ్చుకుంటే దానికి రెట్టింపు, మధ్యకు దగ్గరగా ఉన్న సన్నని వలయంలో గుచ్చుకుంటే మూడు రెట్లు వస్తాయి. బయటి వలయాన్ని డబుల్ అనీ, లోపలి దానిని ట్రిపుల్ అనీ అంటారు. నట్టనడుమ ఉన్న చిన్న వృత్తం బుల్, దానికి 50. దాని చుట్టూ ఉన్న వృత్తానికి 25. డబుల్ వలయానికి వెలుపల గుచ్చుకున్న డార్టుకు ఏమీ రాదు, తగిలి కింద పడిపోయిన డార్టుకూ ఏమీ రాదు, దానిని మళ్లీ విసరడానికి వీలు లేదు. ఒక వంతు అంటే మూడు డార్టులు. ట్రిపుల్ 20, మామూలు 5, డబుల్ 16 తగిలితే 60, 5, 32 కలిపి ఆ వంతుకు 97 వచ్చినట్టు.

అంకెలు వరుసగా లేకపోవడం కొత్తవారిని తికమకపెడుతుంది. కుడివైపుగా తిరిగితే 20 తర్వాత 1, 18, 4, 13 ఇలా సాగుతాయి. 20కి ఒక పక్క 5, మరో పక్క 1 ఉన్నాయి, 19కి అటూ ఇటూ 7, 3 ఉన్నాయి. పెద్ద అంకెకు గురిపెట్టి కాస్త పక్కకు పోయినవారికి చిన్న అంకె దక్కడమే ఈ అమరిక ఫలితం. ట్రిపుల్ 20కి వచ్చే 60 బుల్‌కు వచ్చే 50 కంటే ఎక్కువని తెలిసినా, చేయి ఇంకా కుదరనివారు ఆ చిన్న గడి కోసం పట్టుబట్టడం వల్ల 5లూ 1లూ పోగవుతాయి.

ముందు ఒకటి నుంచి ఇరవై వరకు

బోర్డును పరిచయం చేసుకోవడానికి అంకెలను వరుసగా కొట్టే ఆట కంటే మంచిది లేదు. 1 నుంచి 20 వరకు ఒక్కొక్కటిగా కొట్టి, చివర బుల్ కొట్టినవారు గెలుస్తారు. ఒక అంకె తగిలితేనే తర్వాతి అంకెకు వెళ్లాలి, తగలకపోతే వచ్చే వంతులోనూ దానికే ప్రయత్నించాలి. కొందరు డబుల్ తగిలితే ఒక అంకె దాటవేయనిస్తారు, కొందరు మూడు డార్టులూ ఫలిస్తే మరో వంతు ఇస్తారు. కొత్తవారు ఇవేవీ పెట్టుకోకుండా, అంకె ఏ భాగంలో తగిలినా చాలన్న ఒక్క నియమంతో ఆడితే ఆట చిక్కులు లేకుండా సాగుతుంది. రెండు మూడు ఆటలయ్యేసరికి ఏ అంకె ఎక్కడుందో వెతకనక్కరలేకుండా కన్ను దానంతట అదే అటు వెళ్తుంది.

501: ముగింపే అసలు ఆట

డార్ట్స్‌లో ఎక్కువమంది ఆడేది 501. ప్రతి ఆటగాడికీ మొదట 501 ఉంటుంది, వంతు వంతుకూ వచ్చిన పాయింట్లను అందులోంచి తీసివేస్తూ పోవాలి, అందరికంటే ముందు సరిగ్గా సున్నాకు చేరినవారు గెలుస్తారు. అయితే సున్నాకు చేర్చే ఆఖరి డార్టు డబుల్‌లోనే గుచ్చుకోవాలి. ఇందుకు బుల్ కూడా డబుల్‌గానే చెల్లుతుంది. మిగిలినదానికంటే ఎక్కువ కొట్టినా, 1 మిగిలినా, డబుల్ కాకుండా సున్నాకు చేరినా అది బస్ట్. అప్పుడు ఆ వంతులో అంతవరకు వచ్చినవన్నీ రద్దయి, వంతు మొదట్లో ఉన్న లెక్కకే తిరిగి వెళ్లాలి.

ఈ నియమం ఉదాహరణతోనే బోధపడుతుంది. ఒకరికి 24 మిగిలింది, డబుల్ 12 కొడితే ఆట అయిపోతుంది. మొదటి డార్టు పక్కకు పోయి మామూలు 5లో పడితే 19 మిగిలింది. రెండో డార్టుతో 3 కొట్టి 16కి తెచ్చుకున్నారు. ఇప్పుడు డబుల్ 8 కావాలి. బోర్డు మీద 8 పక్కనే 16 ఉంది. మూడో డార్టు అటు జరిగి మామూలు 16లో గుచ్చుకుంది. లెక్క ప్రకారం సున్నాయే వచ్చినా డబుల్ కాలేదు కనుక అది బస్ట్, వారికి మళ్లీ 24 మిగులుతుంది.

ఏ అంకె మిగుల్చుకోవాలన్నది కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. 40 మిగిలితే డబుల్ 20కి గురిపెడతారు. తప్పి మామూలు 20 తగిలితే 20 మిగిలి డబుల్ 10 కావాలి, అది తప్పి మామూలు 10 తగిలితే డబుల్ 5 కావాలి, అదీ తప్పి మామూలు 5 తగిలితే మిగిలేది 5. బేసి అంకెను డబుల్‌తో ముగించలేం కనుక, ముందు 1 గాని 3 గాని కొట్టి సరిసంఖ్యకు తెచ్చుకోవడానికే ఒక డార్టు ఖర్చవుతుంది. 32 మిగిలినవారికి ఈ ఇబ్బంది చాలా ఆలస్యంగా వస్తుంది. డబుల్ 16 తప్పి మామూలు 16 తగిలితే 16, ఆపైన అలాగే 8, 4, 2 వరకు ప్రతిసారీ సగమవుతూ సరిసంఖ్యే మిగులుతుంది. అనుభవం ఉన్నవారు 32 మిగిలేలా ముందు నుంచే లెక్క వేసుకోవడానికి కారణం ఇదే. మూడు డార్టులతో ముగించగల అత్యధిక సంఖ్య 170, అందుకు రెండు ట్రిపుల్ 20లు, ఒక బుల్ కావాలి. 501 మొత్తాన్ని ముగించడానికి కనీసం తొమ్మిది డార్టులు పడతాయి.

ఆట త్వరగా ముగియాలని కొత్తవారి కోసం డబుల్ నియమాన్ని తీసివేసేవారు ఉన్నారు. అలా చేయవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఈ ఆటలోని ఆలోచన అంతా ఆ ఒక్క నియమం చుట్టూనే ఉంది. సమయం తక్కువగా ఉంటే 301 నుంచో 101 నుంచో మొదలుపెట్టి, ముగింపును మాత్రం డబుల్‌తోనే ఉంచుకోవాలి. ప్రతి డార్టు తర్వాత ఎంత మిగిలిందో ఆటగాడే పైకి చెప్పడం అలవాటు చేసుకుంటే తీసివేతలు కొద్దిరోజుల్లో నోటికి వస్తాయి.

పేక చేతికి తీసుకునే ముందు

పేకలో ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అనే నాలుగు జాతులు, ఒక్కో జాతిలో పదమూడు ముక్కలు, జోకర్లు కాకుండా మొత్తం 52 ముక్కలు ఉంటాయి. 2 నుంచి 10 వరకు అంకెలు, వాటిపైన జాకీ, రాణి, రాజు. ఆసు కొన్ని ఆటల్లో రాజుకంటే పెద్దది, కొన్నింటిలో ఒకటికి సమానం, కాబట్టి పంచే ముందే దాని విలువ అడిగి తెలుసుకోవాలి. పంచేవారు పేక కలిపి, పక్కవారి చేత కోయించి, తమ ఎడమవైపు నుంచి ఒక్కొక్క ముక్కను బోర్లించి పంచుతారు.

మొదటి ఆటగా క్రేజీ ఎయిట్స్ తగినది. చేతిలోని ముక్కలన్నీ ముందుగా వదిలించుకున్నవారే గెలుస్తారు. ఇద్దరైతే ఏడేసి, అంతకంటే ఎక్కువమందైతే ఐదేసి ముక్కలు పంచి, మిగిలినవి బోర్లించి, పై ముక్కను తిరగవేసి పక్కన పెట్టాలి. అది ఎనిమిది అయితే దానిని దొంతర మధ్యలోకి తోసి మరొకటి తీయాలి. వంతు వచ్చినవారు తెరిచి ఉన్న ముక్కతో జాతి గాని, అంకె గాని కలిసే ముక్కను వేయాలి. ఆటీను 9 మీద ఏ ఆటీనైనా, ఏ తొమ్మిదైనా పడుతుంది. ఎనిమిదిని దేని మీదైనా వేసి, తర్వాతివారు ఏ జాతి వేయాలో చెప్పవచ్చు. వేయడానికి ఏమీ లేకపోతే దొంతర నుంచి తీసుకోవాలి. ఒక్కటి తీసి వంతు వదలాలా, పనికొచ్చేది దొరికేదాకా తీస్తూ పోవాలా అన్నది ముందే అనుకోవాలి. పాయింట్లు లెక్కపెట్టేవారు మిగిలినవారి చేతిలో ఉన్న ఎనిమిదికి 50, బొమ్మకు (జాకీ, రాణి, రాజు) 10, ఆసుకు 1, తక్కినవాటికి వాటి అంకె చొప్పున కూడి గెలిచినవారికి ఇస్తారు. ఎనిమిదిని ఆఖరిదాకా దాచుకోవడం లాభమే గాని, ఈలోగా మరొకరు ముగిస్తే 50 పోతాయి.

రమ్మీ: ఏది ఉంచాలి, ఏది వదలాలి

మామూలు రమ్మీలో ఇద్దరికి పదేసి, ముగ్గురికి లేదా నలుగురికి ఏడేసి ముక్కలు పంచుతారు. చేతిలోని ముక్కలన్నిటినీ సెట్లుగా, సీక్వెన్సులుగా చేసి దించినవారిది గెలుపు. ఒకే అంకె గల మూడు లేదా నాలుగు ముక్కలు సెట్. ఒకే జాతిలో వరుసగా వచ్చే మూడు లేదా అంతకంటే ఎక్కువ ముక్కలు సీక్వెన్స్. వంతు వచ్చినప్పుడు బోర్లించిన దొంతర నుంచో, తెరిచిన దొంతర పైనుంచో ఒక ముక్క తీసుకోవాలి, కుదిరినవి ఉంటే బల్ల మీద దించవచ్చు, చివరకు ఒక ముక్కను తెరిచిన దొంతరలో వేసి వంతు ముగించాలి. తెరిచిన దొంతర నుంచి తీసుకున్న ముక్కనే అదే వంతులో తిరిగి వేయకూడదు. ఈ ఆటలో ఆసు అన్నిటికంటే చిన్నది.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఒకే ముక్కను రెండు చోట్ల లెక్కపెట్టుకోవడంలో. ఇస్పేటు 7ను ఇస్పేటు 5, 6లతో కలిపి సీక్వెన్స్ చేస్తే, అదే ముక్క ఏడుల సెట్‌లోకి మళ్లీ రాదు. నియమాలు తెలిశాక ఆట అంతా ఏ ముక్క వదలాలన్న దానిమీదే నడుస్తుంది, అందుకు ప్రతి జంటకూ ఎన్ని ముక్కలు సాయపడతాయో లెక్కపెట్టాలి. ఇస్పేటు 7, 8 ఉంటే 6 వచ్చినా 9 వచ్చినా సీక్వెన్స్ పూర్తవుతుంది, అంటే రెండు అవకాశాలు. రెండు ఎనిమిదులు ఉన్నా మిగిలిన రెండు ఎనిమిదుల కోసం ఎదురుచూస్తాం కనుక అవీ రెండే. ఇస్పేటు 6, 8 ఉంటే నడిమి 7 ఒక్కటే దారి. ఇస్పేటు 7, ఇస్పేటు 8, ఆటీను 8 మూడూ కలిసి ఉంటే ఇస్పేటు 6, ఇస్పేటు 9, డైమను 8, కళావరు 8 అనే నాలుగు ముక్కల్లో ఏదైనా పనికొస్తుంది. ఈ లెక్క వేయగలిగినవారు తక్కువ అవకాశాలున్న జంటనే ముందు విడగొడతారు. ఎదుటివారు ఏది ఎత్తుకున్నారో గుర్తుపెట్టుకుంటే, వారికి పనికొచ్చే ముక్కను మన చేతులతో ఇవ్వకుండా ఆపుకోవచ్చు.

తురుపు ఆట

అందరూ తలా ఒక ముక్క వేశాక ఆ ముక్కలను ఒకరు గెలుచుకోవడాన్ని పట్టు అంటారు. అలాంటి పట్టుల ఆటలకు విస్ట్ మంచి ప్రవేశం. ఎదురెదురుగా కూర్చున్నవారు జట్టుగా నలుగురు ఆడతారు, తలా పదమూడు ముక్కలు వస్తాయి, పంచేవారికి దక్కే ఆఖరి ముక్కను తెరిచి చూపితే దాని జాతే తురుపు, అంటే మిగిలిన జాతులన్నిటినీ గెలిచే జాతి. మొదటివారు ఏ జాతి వేస్తే మిగిలినవారు ఉన్నంతవరకు అదే జాతి వేయాలి, లేనప్పుడు మాత్రమే తురుపు గాని మరొకటి గాని వేయవచ్చు. తురుపు పడితే పెద్ద తురుపుదీ, పడకపోతే మొదట వేసిన జాతిలో పెద్ద ముక్కదీ ఆ పట్టు. ఇస్పేటు తురుపు అనుకుందాం. మొదటివారు ఆటీను 9 వేస్తే రెండోవారు ఆటీను రాజు వేశారు, మూడోవారు తమ దగ్గర ఆటీను లేకపోవడంతో ఇస్పేటు 2 వేశారు, నాలుగోవారు ఆటీను ఆసు వేశారు. ఇస్పేటు 2 వేసినవారికే పట్టు దక్కుతుంది. ఆరు పట్టుల పైన గెలిచిన ప్రతి పట్టుకూ జట్టుకు ఒక పాయింటు. జాతి చేతిలో ఉంచుకుని వేయకపోవడం ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద తప్పు, కాబట్టి ఒక్కో ముక్క వేసే ముందు చేతిని జాతులవారీగా సర్దుకుని మరొకసారి చూసుకోవాలి.

ఏ పేక ఆటైనా నేర్పేటప్పుడు మొదటి ఆటను ముక్కలు తెరిచి, అందరికీ కనిపించేలా ఆడించాలి. ఎవరు ఏది వేయవచ్చో, ఏది ఎందుకు కుదరదో అప్పుడు మాటలతో చెప్పనవసరం లేకుండా కళ్లకు కనబడుతుంది. నియమం మీద మధ్యలో సందేహం వస్తే, అప్పటికి అందరూ ఒప్పుకున్నదాని ప్రకారం ఆ ఆట పూర్తిచేసి, సరైన నియమాన్ని చూసుకుని తర్వాతి పంపకం నుంచి అమలు చేయాలి.