నురుగుతో సర్ఫాక్టెంట్ తీసేటప్పుడు వచ్చే ఇబ్బందులు

బట్టలుతికిన నీళ్ళలోకి అడుగు నుంచి గాలి బుడగలు పంపి, సర్ఫాక్టెంట్‌ను (డిటర్జెంట్‌లో నురుగు తెచ్చే పదార్థం) నురుగుగా పైకి తెచ్చి తీసేస్తాం. ఈ లెక్కలన్నీ 5 సెం.మీ. లోపలి వ్యాసం, మీటరు ఎత్తు ఉన్న అక్రిలిక్ గొట్టానికి. అడుగున ఎయిర్ స్టోన్ (గాలిని చిన్న బుడగలుగా వదిలే రంధ్రాల రాయి), 40 సెం.మీ. వరకు బట్టలుతికిన నీళ్ళు (సుమారు 750 మి.లీ.), ఆపైన 60 సెం.మీ. నురుగుకు చోటు, చివర పక్కకు వంగిన గొట్టం.

సమస్య: పైకొచ్చిన నురుగు కరిగితే దాదాపు మామూలు నీళ్ళే

అందరికీ ఎదురయ్యేది ఇదే. సర్ఫాక్టెంట్ బుడగ పైపొరను పట్టుకుని వస్తుంది. బుడగల మధ్య ఇరుక్కున్న నీరు మాత్రం కిందికి జారిపోవాలి. గాలి ఎక్కువైతే ఆ జారే వ్యవధి ఉండదు. నిమిషానికి లీటరు గాలి పెడితే నురుగు సెకనుకు 0.85 సెం.మీ. చొప్పున ఎక్కి, 70 సెకన్లలో బయటపడుతుంది. రోటామీటరును (గాలి ప్రవాహాన్ని కొలిచే మీటరు) 0.3 లీటరుకు దించండి: అదే దూరానికి నాలుగు నిమిషాలు పడుతుంది, నురుగు పొడిబారుతుంది. పని నెమ్మదిస్తుంది, నిజమే. అయినా తడి నురుగును ఎంత సేకరించినా ప్రయోజనం లేదు.

గాలి తగ్గించినా మారకపోతే గాఢత చూడండి. మైసెల్లు (సర్ఫాక్టెంట్ అణువుల గుంపులు) కట్టే హద్దు దాటితే అదనపు సర్ఫాక్టెంట్ బుడగనంటకుండా నీటిలోనే ఉండిపోతుంది. శుద్ధ నీటిలో సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్‌కు, అంటే ఎస్‌డీఎస్‌కు ఆ హద్దు లీటరుకు సుమారు 2.3 గ్రాములు, ఉప్పుంటే ఇంకా తక్కువ. నీళ్ళు కలిపి పలుచన చేయండి.

సమస్య: నురుగు సగంలోనే కూలిపోతోంది

50 మి.లీ. నీళ్ళు సీసాలో పోసి, చిటికెడు ఎస్‌డీఎస్ వేసి కుదపండి. నురుగు నిలిస్తే నీటిలో సర్ఫాక్టెంటే తక్కువ. వెంటనే చస్తే నూనె గానీ సిలికాన్ యాంటీఫోమ్ (నురుగును చంపే మందు) గానీ ఉంది. నూనెను రాత్రంతా తేరనిచ్చి పైపొర తీసేయాలి. తెల్లగా విరిగితే కాఠిన్యం (నీటిలోని కాల్షియం, మెగ్నీషియం).

విశాఖలో బోరు నీళ్ళతో ఉతికే చోట ఈ మూడోదాన్ని ముందు అనుమానించాలి. కాల్షియంతో సర్ఫాక్టెంట్ గడ్డకట్టి నురుగుకు అందదు. కాఠిన్యం (కాల్షియం కార్బొనేట్ లెక్కన) 100 మి.గ్రా./లీ. ఉంటే లీటరుకు 372 మి.గ్రా. డైసోడియం ఈడీటీఏ (కాల్షియంను పట్టి ఉంచే రసాయనం) సరిపోతుంది. అది నీటిని ఆమ్లం వైపు లాగుతుంది, పీహెచ్ 8 పైన ఉంచండి.

సమస్య: పట్టిన నురుగు కరగదు

యాంటీఫోమ్ మాత్రం వేయొద్దు, తీసిన సరుకే పాడవుతుంది. వెడల్పాటి ట్రేలో పరిచి వదిలేయండి.

సమస్య: లెక్క కుదరడం లేదు

750 మి.లీ.లో లీటరుకు 200 మి.గ్రా. సర్ఫాక్టెంట్ ఉంటే మొత్తం 150 మి.గ్రా. నురుగు నుంచి 50 మి.లీ., లీటరుకు 1500 మి.గ్రా. వస్తే 75 మి.గ్రా., మిగిలిన 700 మి.లీ.లో లీటరుకు 107 మి.గ్రా. ఉండాలి. తక్కువుంటే గొట్టం గోడల మీది నురుగును కడిగి కలపండి. ఎక్కువ చూపిస్తే మిథిలీన్ బ్లూ పరీక్షను (నీలి రంగును క్లోరోఫాంలోకి లాగి సర్ఫాక్టెంట్‌ను కొలిచేది) క్లోరైడ్ తప్పుదారి పట్టిస్తోందేమో: సముద్రం దగ్గరి బోరు నీళ్ళకు ఇది మామూలే. క్లోరోఫాం పొరను నీటితో కడిగే అంచె వదలకండి.

కరెంటు పోతే నీళ్ళు గాలి పంపులోకి వెనక్కి లాక్కుపోతాయి. పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా చెక్ వాల్వ్ (ఒకే దిశలో వదిలే కవాటం) బిగించండి.