పిల్లల కంటి క్యాన్సర్: ఆ ఇంటికి తోడుగా ఎలా నిలబడాలి?

నేను రిటైరైన టీచర్ని. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మన తెలుగు ఇళ్ళలో ఏ బిడ్డకైనా కంట్లో తెల్లగా కనిపిస్తే విశాఖపట్నం తీసుకెళ్ళడం పదేళ్ళకు పైగా నేను చేస్తున్న పని. మంచి మనసుతో సాయానికి వచ్చినవాళ్ళే పని చెడగొట్టడం చాలాసార్లు చూశాను. చందాలు పోగుచేస్తారు, బండి మాట్లాడతారు, బిడ్డని ఆస్పత్రిలో చేర్పించి తిరిగొచ్చేస్తారు. నాలుగో రోజుకి ఆ కుటుంబం కూడా ఊళ్ళో ఉంటుంది, ఆపరేషన్ చేయించుకోకుండానే. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది వివరంగా రాస్తున్నాను.

ఈ జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనక ఉండే రెటీనా పొరలో పుట్టే గడ్డ. సుమారు 15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒక బిడ్డకి వస్తుంది, ఎక్కువగా ఐదేళ్ళ లోపే బయటపడుతుంది. కంటి లోపల ఉండగానే పట్టుకుని సరైన వైద్యం చేయిస్తే చాలావరకు బిడ్డ దక్కుతుంది. కన్ను దాటి బయటికి పాకితే మాత్రం చాలా కష్టం.

గుర్తుపట్టడం

కంటి నల్లగుడ్డు మధ్యలో పిల్లికన్నులా తెల్లటి మెరుపు కనిపించడం మొదటి గుర్తు. మసక వెలుతురులో, ఒక పక్క నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కంట్లో ఎర్రచుక్క, రెండో కంట్లో తెల్లచుక్క పడితే అనుమానించాలి. రెండో గుర్తు మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి వదిలేస్తారు. అదృష్టమో కాదో ఎలా ఉన్నా, నల్లగుడ్డు పెద్దదయ్యే చుక్కలు వేసి లోపలి పొర చూపించాల్సిందే.

ఇక్కడ మీరు క్యాన్సర్ అనే మాట అనకండి. శుక్లమైనా తెల్లగా కనిపించవచ్చు. "వారంలోపు చుక్కలు వేసి రెటీనా చూడాలి" అనండి, చాలు. నేను వెంటపడి తిరిగిన ఒక బాబుకి మెల్లకన్నే కదా అని ఒకచోట మూడు నెలలు చుక్కల మందు రాసిచ్చారు. లోపలికి ఒక్కసారి చూడలేదు. ఆ మూడు నెలలు మళ్ళీ రావు కదా. కంట్లో పసరు పోయడం, చనుబాలు పిండడం ఆ రోజే ఆపించండి.

కాగితాలు, ప్రయాణం

ఇది తేలికే. ఆధార్, రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, టీకాల కార్డు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మన సరిహద్దు ఇళ్ళలో ఉండే చిక్కు ఒక్కటే: ఒడియాలో రాసిన పేరు ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఒక్కో కార్డులో ఒక్కోలా ఉంటుంది. బయల్దేరే ముందే అక్షరం అక్షరం సరిచూడండి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ కార్డు పక్క రాష్ట్రంలో కూడా పనికొస్తుంది. కానీ మీరు వెళ్ళే ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో లేదో, ఈ వైద్యానికి వర్తిస్తుందో లేదో ముందే ఫోన్ చేసి అడగాలి. ఆంధ్రాలోని ఎన్టీఆర్ వైద్యసేవ అక్కడివాళ్ళకే. అటు పక్క బంధువుల కార్డులో బిడ్డ పేరు ఎక్కించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి, మధ్యలో బయటపడితే వైద్యం ఆగిపోతుంది.

భువనేశ్వర్‌లో, విశాఖ హనుమంతవాకలో, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రులు ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాన్ని నేను విశాఖకే తీసుకెళ్తాను. తల్లికి డాక్టరు మాట నేరుగా చెవిన పడాలి. మధ్యలో ఇంకొకరు అర్థం చెబితే సగం పోతుంది. వైద్యం మొదలయ్యాక ఆస్పత్రి నుంచి రైల్వే రాయితీ ఫారం తీసుకోవడం మరచిపోకండి. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం రాయితీ.

చిన్నపిల్లల కన్ను మత్తు ఇచ్చి పరీక్షిస్తారు. దానికి కడుపు ఖాళీగా ఉండాలి. ఎన్ని గంటల ముందు నుంచి ఏం పెట్టకూడదో ఆస్పత్రివాళ్ళు చెబుతారు. ఆకలికి ఏడుస్తున్నాడని నానమ్మ చాటుగా ఒక బిస్కెట్ పెట్టిందంటే ఆ రోజు పరీక్ష వాయిదా పడుతుంది. ఆ పూట ఎవరి సంచిలోనూ తినేవి ఉండకూడదు. పెద్దవాళ్ళు కూడా బిడ్డ ఎదుట తినకూడదు.

కన్ను తీసేయాలని చెప్పిన రోజు

అసలు పని ఇక్కడే ఉంది. అందరూ పాడుచేసేదీ ఇక్కడే.

గడ్డ చిన్నగా ఉంటే కీమో, లేజర్, అతి చల్లదనంతో గడ్డని చంపే చికిత్సలతో కన్ను నిలబెడతారు. మనవైపు పిల్లలు ఆలస్యంగా వెళ్తారు కాబట్టి చాలాసార్లు డాక్టరు చెప్పే మాట ఒకటే: "కన్ను తీసేయాలి." ఆ మాట విన్న తల్లిదండ్రులు, "ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి వస్తాం" అంటారు. ఆ రాత్రి రైలెక్కారంటే చాలామంది తిరిగి రారు. వచ్చినా ఆరు నెలల తర్వాత, కన్ను ఉబ్బి బయటికి వచ్చాక వస్తారు.

కాబట్టి నా మొదటి నియమం: ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆ మనిషి మొదటి ప్రయాణంలోనే మీతో ఉండాలి. తాతయ్య కావచ్చు, మేనమామ కావచ్చు. తల్లిదండ్రులని మాత్రమే తీసుకెళ్ళకండి. కొందరు డాక్టరుతో ఊళ్ళోని పెద్దలకి ఫోన్‌లో చెప్పిస్తుంటారు. అది పనిచేయదు. ఫోన్‌లో "కన్ను తీసేయాలి" అన్న ఒక్క ముక్కే వినిపిస్తుంది. ఎదురుగా కూర్చుంటే స్కాన్ బొమ్మలో కన్ను నిండా ఉన్న గడ్డ కనిపిస్తుంది.

వాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఇంచుమించు అవే. జవాబులు ముందే మీ దగ్గర ఉండాలి, తడుముకోకూడదు.

"ముక్క తీసి పరీక్ష చేయకుండానే క్యాన్సరని ఎలా చెప్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మిగతా గడ్డలకి ముక్క తీస్తారు, దీనికి తీయరు. సూది గుచ్చిన దారిలో ఆ కణాలు కన్ను బయటికి పాకే ప్రమాదం ఉంది. అందుకే మత్తులో చూసి, స్కాన్లు చేసి నిర్ణయిస్తారు. ఈ సంగతి డాక్టరు చేతే చెప్పించండి. మీరు చెబితే ఆస్పత్రి తరఫున మాట్లాడుతున్నారనుకుంటారు.

"మందులతో కొన్నాళ్ళు చూద్దాం" అంటారు. కంటి వెనక నుంచి నరం తిన్నగా మెదడుకి వెళ్తుంది. గడ్డ ఆ నరం పట్టుకుని వెళ్ళిందంటే చేతిలో ఏమీ ఉండదు. ఆ కంటికి చూపు ఎప్పుడో పోయి ఉంటే, డాక్టరు చూపు తీసేయడం లేదు, ప్రాణం నిలబెడుతున్నారు. ఈ మాట నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి చెప్పింది వాళ్ళకి వినపడదు.

"ఆడపిల్ల కదా టీచరమ్మా, రేపు పెళ్ళెలా?" ఇది తప్పకుండా వస్తుంది. దీనికి నేను మాటలతో జవాబు చెప్పను. ఆపరేషన్ అయి కృత్రిమ కన్ను పెట్టించుకున్న బిడ్డని, ఆ బిడ్డ తల్లిని చూపిస్తాను. వాళ్ళు ఒప్పుకుంటేనే. ఆస్పత్రివాళ్ళని అడిగితే అలాంటి కుటుంబాలతో కలుపుతారు.

ఒకసారి గుణుపూర్ దగ్గరి తాతయ్య ఒకాయన మనవరాలిని ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. అక్కడే చేతులు కడుక్కునే చోట ఒక తల్లి తన నాలుగేళ్ళ కూతురి కృత్రిమ కన్ను తీసి కడుగుతోంది. నేను అడగ్గానే తడి తుడిచి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన గోళీలా గుండ్రంగా ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే పల్చటి చిప్ప, లోపల గుంటగా, మీద నల్లగుడ్డు, తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర నరాలు కూడా గీసి ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కన్నేటమ్మా, గుల్ల కదా! నొప్పెట్టదా?" అన్నాడు. "లేదు తాతా," అంది ఆ పాపే, తిరిగి పెట్టించుకుంటూ. ఆయన ఇంకేమీ అడగలేదు. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మర్నాడు వేలిముద్ర వేశాడు.

ఇంకో జాగ్రత్త: తల్లి మీద నింద పడనీయకండి. కడుపుతో ఉండగా గ్రహణం రోజు బయటికి వచ్చిందనే మాట అత్తగారి నోటి నుంచి వచ్చి తీరుతుంది. అక్కడికక్కడే ఆపండి. ఇది ఆర్‌బీ1 అనే జన్యువు చెడిపోవడం వల్ల వచ్చేది. గ్రహణానికీ, తిండికీ, ఫోన్ చూడటానికీ సంబంధం లేదు. చాలామంది పిల్లల్లో అది తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది కాదు, కొత్తగా జరిగిందే. అందరి ముందు డాక్టరు చేత ఆ ఒక్క మాట అనిపిస్తే ఆ తల్లికి మళ్ళీ ఊపిరి వస్తుంది. నింద మోస్తున్న తల్లి బిడ్డని వైద్యానికి తీసుకొచ్చే స్థితిలో ఉండదు, ఆమె చేతిలో ఆ ఇంట్లో ఏ నిర్ణయమూ మిగలదు.

బిడ్డ ఫొటో వాట్సాప్‌లో పెట్టి చందాలు అడగకండి. ఆ ఫొటో పదేళ్ళ తర్వాత బడిలో ఆ పిల్ల ముందుకే వస్తుంది.

ఆపరేషన్ తర్వాత

కన్ను తీసిన చోట లోపల ఒక బంతి పెడతారు. పైన పారదర్శకమైన చిప్ప ఉంటుంది. అది ఊడిపోతే భయపడకండి, కడిగి దాచి ఆస్పత్రికి ఫోన్ చేయండి. గాయం మానాక, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకి, కృత్రిమ కన్ను కొలత తీస్తారు. ఈ లోగా తీసిన కంటి పరీక్ష రిపోర్టు తప్పనిసరిగా తీసుకోవాలి. కుట్లు మానాయి కదా అని దాన్ని వదిలేసి పోతారు. కీమో కావాలో అక్కర్లేదో తేల్చేది ఆ కాగితమే.

కీమో ఉంటే మూడు నాలుగు వారాలకోసారి వెళ్ళాలి, తరచుగా ఆరుసార్లు. జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. జుట్టు గురించి టెన్షన్ వద్దు, జ్వరం గురించి పడండి. కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా దగ్గర్లోని పెద్దాస్పత్రికి పరిగెత్తాలి. చెంచా పారాసిటమాల్ పట్టి తెల్లారేదాకా చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. నేను ప్రతి ఇంటికీ ఒక డిజిటల్ థర్మామీటర్ కొనిస్తాను, తల్లి చేత చంకలో పెట్టించి అంకె చదివిస్తాను. "ఈ బిడ్డ కీమోలో ఉంది, జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టండి" అని క్యాన్సర్ డాక్టరు చేత రాయించిన ఇంగ్లీషు చీటీ ఇంట్లో గోడకి అంటించి ఉండాలి. ఆశా దీదీ టీకాకి పిలిస్తే, కీమో డాక్టరుని అడిగాకే వేయించాలి. తట్టు లాంటి కొన్ని టీకాలు ఆ సమయంలో వేయకూడదు.

అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు, ఇకపై పుట్టబోయే బిడ్డ, అందరి కళ్ళూ చూపించాలి. రెండు కళ్ళకీ వచ్చిన పిల్లల్లో ఇది పుట్టుకతో ఉన్నదే. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళకి పుట్టే ప్రతి బిడ్డకీ ఆ చెడిన జన్యువు వచ్చేందుకు సగం అవకాశం ఉంటుంది. ఆస్పత్రి చెప్పినన్నాళ్ళు మత్తులో పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. రెండేళ్ళు బాగుంది కదా అని ఆపేయకూడదు.

మిగిలిన కన్నుకి చూపు దోషం లేకపోయినా, దెబ్బ తగలకుండా, సులువుగా పగలని పాలికార్బనేట్ అద్దాలు పెట్టించండి. ఒక్క కన్నే పోతే వైకల్యం 30 శాతమే లెక్కకొస్తుంది. 40 శాతం వాళ్ళకిచ్చే పింఛన్ల కోసం కుటుంబాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పకండి. బడిలో చేర్చే రోజు మీరూ వెళ్ళండి. ఎడమ కన్ను లేని పిల్లకి ఎడమవైపు గోడ ఉండేలా, బెంచీ చివర చోటు అడగండి. అలా అయితే పక్కన ఎవరు కూర్చున్నారో, బోర్డు మీద ఏముందో, తల తిప్పకుండానే తెలుస్తుంది.